చావడిలో దిగిన బీబీగారు

ఆ రోజు సైదమ్మ అనుకున్న పనులు మూడే. పొద్దు పొడవకముందే పటేలింటి వాకిలి ఊడ్చి అలుకు చల్లాలి. బందెలదొడ్డిలో ఉన్న తన బర్రెకు ఇంత గడ్డి వేయాలి. ఎండ ముదరకముందే వాగుకు పోయి రెండు కడవల నీళ్లు తెచ్చుకోవాలి. ఇప్పలకుంటలో వెట్టి చేసేవాళ్లు అంతకంటే పెద్ద ఆలోచనలు పెట్టుకోరు. పెట్టుకున్నా అవి మధ్యాహ్నానికే ఎండిపోతాయి.

బర్రె బందెలదొడ్డిలోకి పోయి మూడు వారాలైంది. పటేలు రుక్మారెడ్డి బావి కింద పచ్చజొన్న మేసిందని దాన్ని కట్టేయించాడు. మేసింది ఈ బర్రేనా అంటే చూసినవాళ్లు లేరు. కానీ పటేలు కోడెలు ఆ పక్కనే తిరుగుతుంటాయనీ, వాటిని బందెలదొడ్డికి తోలే మొనగాడు ఊళ్లో పుట్టలేదనీ అందరికీ తెలుసు. ఇక వాగు సంగతి. వాడలో సైదమ్మ పెనిమిటి కురుమయ్యా, మరో పదిమందీ కలిసి పోయినేడు బావి తవ్వడం మొదలుపెట్టారు. ఆరు గజాలు దిగేసరికి ఇసుకలో చెమ్మ తగిలింది. సరిగ్గా అప్పుడే పటేలుకు ఆ జాగా తనదని గుర్తొచ్చింది. పలుగులు ఆగిపోయాయి. ఆడవాళ్లు మళ్లీ కడవలెత్తుకుని మైలు దూరంలోని వాగుకు నడిచారు.

సైదమ్మ చీపురు మూలకు పెట్టిందో లేదో, చావడి నుంచి పిలుపు వచ్చింది.

చావడి అరుగు మీద పటేలు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. పట్వారీ ఒక ఉర్దూ కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని చదువుతున్నాడు. మోత్కూరు నుంచి గుర్రపు సవారు వచ్చి ఇచ్చిపోయిన కాగితం అది. కొత్తగా వచ్చిన తహసీల్దారు సాహెబ్ దౌరా తిరుగుతూ నాలుగో రోజున ఇప్పలకుంటలో మకాం వేస్తాడట. ఎండకు ఓర్వలేదు కనుక బీబీని ముందే పంపుతున్నాడట.

"చల్లటి అర్ర, మెత్తటి పరుపు," అని చదివాడు పట్వారీ. "పూటకు పావుసేరు పాలు. ఉప్పూ కారం లేకుండ ఉడకబెట్టిన కోడికూర. ముండ్లు తీసిన చేప. ఏ లోటు వచ్చినా పటేలు, పట్వారీలదే జవాబుదారీ."

"ఉప్పు కారం లేని కూరేందయ్యా?" అన్నాడు పటేలు.

"పట్నపు గొప్పోళ్ల తిండ్లు గట్లనే ఉంటయి పటేలా."

"మరి పావుసేరు పాలేంది? సాహెబ్ మొహమాటపడ్డట్టున్నడు. నాలుగు సేర్లు తెప్పించు." పటేలు ఇటు తిరిగి సైదమ్మను చూశాడు. "ఏమే సైదీ, బీబీగారు ఘోషా మనిషి. దగ్గరుండి చూసుకునేటందుకు ఆడమనిషి గావాలె. చాకలి నర్సింగమ్మ లగ్గానికి పోయింది. నువ్వే ఉండాలె. జర పైలం."

సైదమ్మ తలూపింది. వెట్టిలో ఆమెకు తెలిసిన సమాధానం అదొక్కటే.

*

బారెడు పొద్దెక్కేసరికి పరదాలు కట్టిన కచ్చురం బండి చావడి ముందుకు వచ్చి ఆగింది. "అందరు మొకాలు తిప్పుకోండ్రి!" అని పటేలు అరిచాడు. ఊరి మగవాళ్లంతా గోడలకు ముఖాలు ఆనించి నిలబడ్డారు. పటేలు అందరికంటే ముందు తిరిగి, చెవుల మీదుగా రుమాలు కూడా బిగించుకున్నాడు.

బండివాడు నల్లగొండ మనిషి. ఇంకా డేరాల సామాను తేవాలని తొందరలో ఉన్నాడు. "సాహెబ్ పానం ఈ బండ్లనే ఉన్నది," అన్నాడు. "ఎత్తుకపోవాలె, ఎండల నడువది. మగోళ్లను జూస్తే బెదురుతది, దగ్గరికి రానియ్యకుండ్రి. రోజూ తల నుంచి కిందిదాంక దువ్వాలె, లేకుంటే చిక్కులు పడ్తది."

గోడవైపున్న మగవాళ్లు ఆ జుట్టు పొడవును ఊహించుకుని నిట్టూర్చారు.

సైదమ్మ భయపడుతూ పరదా తొలగించి బండిలోకి ఎక్కింది. లోపల మనిషి లేదు. ఒక బెత్తపు గంప ఉంది. గంపలో పట్టుదిండు, దిండు మీద పాలమీగడ రంగులో ఒక పెద్ద ముద్ద. గొర్రెపిల్ల అనుకుంది. ముద్ద తల ఎత్తింది. రొట్టెలా అణిగిన మూతి, తంగేడుపువ్వు రంగు కళ్లు, మెడ చుట్టూ బెత్తెడు పొడవు వెంట్రుకలు. పిల్లే, కానీ సైదమ్మ అంత పిల్లిని పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఊరి పిల్లులు మూడింటిని కలిపి కట్టినా దానికి తూగవు. ఆమె చెయ్యి చాపితే అది గీరలేదు, బుస్సుమనలేదు. బరువైన తలను ఆమె మోచేతి మడతలో పెట్టి కళ్లు మూసుకుంది.

సైదమ్మకు నవ్వు వచ్చింది. నవ్వు కంటే ముందు భయం వేసింది.

"దొరా!" అంది పరదా సందులోంచి. "ఇది పిల్లి దొరా!"

రుమాలు లోంచి పటేలుకు సగమే వినిపించింది. "పిల్లనా? పిల్లనే ఉంటది మరి. సాహెబ్‌కు కొత్తగ లగ్గమైనట్టున్నది."

"పిల్ల గాదు నీ బాంచెన్, పిల్..."

"నోర్ముయ్! పరదా లోపల జూసింది బయట ఒక్క మాటంటే నాల్క కోస్త. నా కొలువు బోతది! బీబీగారికి ఏం గావాల్నో గది మాత్రం చెప్పు. ఆమె ఎట్లుంటదో, ఏం జేస్తదో మాకు అక్కెర లేదు."

సైదమ్మ నాలుకను ఒకసారి పళ్లతో తడిమి చూసుకుంది. తరువాత గంపను గుండెకు అదుముకుని, గోడలకు అతుక్కున్న ఊరి పెద్దల వీపుల మధ్య నుంచి నడిచి చావడి వెనక అర్రలోకి పోయింది.

*

మధ్యాహ్నం పటేలు వాకిలి అవతల నుంచి అడిగాడు. "బీబీగారు ఏం జేస్తున్నది?"

"పాలు నాకి పడుకున్నది."

"‘పడుకున్నది’ ఏందే? నీ ఈడుదనుకున్నవా? ‘పడుకున్నరు’ అను!"

"పడుకున్నరు దొరా. పాలు నాకిన్రు, మూతి తుడుసుకున్నరు, పడుకున్నరు."

"గట్ల! పాలు బాగున్నయన్నరా?"

"సగం వదిలిపెట్టిన్రు."

వదిలిపెట్టింది నిజమే. పటేలింటి రెండు బర్రెలూ ఒట్టిపోయి ఉన్నాయి. ఇల్లిల్లూ తిరిగి పోగు చేసిన ఆ పాలలో పాల కంటే ఊరివాళ్ల భక్తే ఎక్కువగా ఉంది. బీబీగారు పాలు వదిలిందనేసరికి పటేలుకు చెమటలు పట్టాయి. ఊళ్లో చిక్కటి పాలిచ్చే బర్రె ఏదని పట్వారీని అడిగాడు. పట్వారీ కాసేపు ఇబ్బందిగా గొంతు సవరించుకుని, అది బందెలదొడ్డిలో ఉందని చెప్పాడు.

ఆ సాయంత్రమే బర్రె సైదమ్మ గుడిసె ముందుకు వచ్చి నిలబడింది. దాంతోపాటు పటేలు ఇంటి నుంచి రెండు మోపుల పచ్చగడ్డి కూడా వచ్చింది. బీబీగారు పోయిన మర్నాడు మళ్లీ దొడ్డికి తోలాలని మాత్రం పటేలు గట్టిగా చెప్పాడు.

కురుమయ్య విషయమంతా విని పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నవ్వకు," అంది సైదమ్మ. "సాహెబొచ్చినంక పటేలుకు ఎర్కైతే నా తోలు వలుస్తడు."

"నువ్వు చెప్పినవు, ఆయన ఇనలే. మన తప్పేమున్నది? బర్రె ఇంట్ల ఉన్నన్ని దినాలు పాలు పిండు. బీబీగారు తాగంగ మిగిలినయి మనకే గదా."

నాలుగు సేర్లలో పావుసేరు పోగా మిగిలిన పాలు వాడలో పసిపిల్లలున్న ప్రతి ఇంటికీ పోయాయి.

*

రెండో రోజు పటేలు భార్య అమృతమ్మ చీరా, పసుపూ కుంకుమా పెట్టిన పళ్లెంతో వచ్చింది. ఆడమనిషిని ఆపడానికి పరదా పనికిరాదు. సైదమ్మ గుమ్మానికి అడ్డం నిలబడి, "పడుకున్నరమ్మా," అంది.

"పొద్దున అడిగితే పడుకున్నరంటివి, ఇప్పుడూ పడుకున్నరంటవు. నిద్ర లేవరా ఏంది?"

"తినేటప్పుడు లేస్తరు."

అమృతమ్మ ఊరుకునే రకం కాదు. సైదమ్మ భుజం మీది నుంచి తొంగి చూసింది. గది చీకటిగా ఉంది. మంచం మీద పట్టు దుప్పటి, దుప్పటి కింద చిన్న ఒంటి ఆకారం, తలగడ మీద పరుచుకుని తెల్లటి జుట్టు. పండుజుట్టు. సన్నగా గుర్రుమనే శబ్దం, తెంపు లేకుండా.

ఆమె అడుగులో అడుగు వేసుకుంటూ ఇంటికి పోయి భర్తను గదిలోకి పిలిచింది. "మీకేమన్న తెలివున్నదా? కొత్త పెండ్లామంటరేంది? తల ముగ్గుబుట్టయింది! ముడుసుకపోయి ఇంతే ఉన్నది పాపం. లోపల్లోపలనే ఏందో జపం జేసుకుంటాంది."

పటేలు పట్వారీ కోసం మనిషిని పంపాడు. పట్వారీ కాగితాన్ని మళ్లీ తీసి, ఎండలో పట్టి, నీడలో పట్టి చూశాడు. "పెద్దింటి ఆడోళ్లందర్నీ బీబీ అంటరు పటేలా. గిట్లయితే సాహెబ్ తల్లిగారే."

పటేలు అక్కడే కూలబడ్డాడు. పెళ్లాం చెబితే మగవాడు వినవచ్చు, వినకపోవచ్చు. తల్లి చెబితే తహసీల్దారు కూడా వినాల్సిందే. కొలువు ఊడగొట్టడానికి ఆ ముసలమ్మ ఒక్క మాట చాలు.

ముసలమ్మ తన గురించి ఏమనుకుంటున్నదో తెలుసుకోకపోతే పటేలుకు అన్నం దిగేట్టు లేదు. ఆ సాయంత్రం చెప్పులు చేత పట్టుకుని చావడి వెనకకు వచ్చి కిటికీ కింద గొంతుక్కూర్చున్నాడు.

లోపల సైదమ్మ పిల్లిని ఒళ్లో పెట్టుకుని దువ్వుతూ ఉంది. మూడు వారాలుగా మనసులో ఉన్నది ఎవరికీ చెప్పుకోలేదు. మనిషికి చెబితే ఊరంతా పాకుతుంది. పిల్లికి ఆ భయం లేదు.

"నీ ఒంటి మీది ఎంటికలు కడుగుటానికి రెండు కడవల నీళ్లు గావాలె తల్లీ," అంటూ ఉంది. "గా నీళ్లకు నేను మైలు నడుసుకుంట పోవాలె. మాకు బావుండేది. ఆరు గజాలు తవ్విన్రు మా వోళ్లు. ఇంకొక్క గజం తవ్వితే నీళ్లే. పటేలు వచ్చి జాగా నాదన్నడు. ఆయన తాత నాటినుంచి అది ఊరి పడావు జాగనే, అందరికెర్కే. ఇగ నా బర్రె సంగతి ఇంటవా? మేసింది ఆయన కోడెలు. కట్టేసింది నా బర్రెను. నేనెవ్వరికి జెప్పుకోవాలె, నువ్వే జెప్పు?"

దువ్వెన హాయికి పిల్లి గుర్రుమంది. కిటికీ కింద పటేలుకు అది "ఊఁ... ఊఁ..." అని వినిపించింది. పెద్దమ్మగారు ప్రతి మాటకూ ఊఁ కొడుతున్నది! ఒక్క మాట కూడా విడిచిపెట్టకుండా వింటున్నది! పటేలు వచ్చిన దారినే పాకుతూ పోయాడు. చెప్పులు కిటికీ కిందే మరిచిపోయాడు.

మూడో రోజు తెల్లవారేసరికి వాడలో పలుగుల చప్పుడు వినిపించింది. పటేలు తన జీతగాళ్లు ఎనిమిది మందినీ, మోటతాళ్లనూ, గంపలనూ పంపాడు. సాహెబ్ వచ్చేలోగా నీళ్లు పడాలని హుకుం. కురుమయ్య ఏమీ అర్థం కాక, అయినా ఎందుకో అడగకుండా, అందరికంటే ముందు బావిలోకి దిగాడు.

సైదమ్మకు మాత్రం సంతోషించే ధైర్యం చాలలేదు. కిటికీ కింద పటేలు చెప్పులు చూడగానే ఆమెకు సంగతి అర్థమైంది. ఇదంతా ఒక పిల్లి మీద నిలబడి ఉంది. రేపు సాహెబ్ దిగి పిల్లిని బయటికి తీస్తే పటేలు ముందు తన మీద పడతాడు, తరువాత బావిని పూడుస్తాడు. ఒకసారి పూడ్చిన బావిని తవ్వడానికి ఇక ఎవరూ పలుగు పట్టరు. ఆమె పిల్లి కళ్లలోకి చూసి, "ఒక్క గజం తల్లీ," అంది. "గజం తవ్వేదాంక నిద్రవో."

*

నాలుగో రోజు పొద్దున సైదమ్మ చేపముక్కలు పట్టుకుని వచ్చేసరికి దుప్పటి చల్లగా ఉంది. కిటికీ రెక్క తెరిచి ఉంది. మంచం కింద, ధాన్యపు గుమ్మి వెనక, దప్తరు పెట్టెల మధ్య వెతికింది. పిల్లి లేదు.

బయట పటేలు కొత్త రుమాలు చుట్టుకుని నిలబడి ఉన్నాడు. "పెద్దమ్మగారు లేసిన్రా?"

"లేరు దొరా."

"లేవలేదా?"

"లేరు. కిటికీలకెళ్లి దుంకి ఎటో పోయిన్రు."

పటేలు ఊరందరినీ కేకేశాడు. అరవయ్యేళ్ల ఘోషా మనిషి, తహసీల్దారు కన్నతల్లి, కిటికీలోంచి దూకి పారిపోయింది! ఒక్క క్షణంలో ఊరు ఊరంతా వెతకడానికి బయలుదేరింది. అయితే పరదా మనిషిని కంటితో చూడటానికి లేదు. అందుకని మగవాళ్లు కండువాలు ముఖాల మీదికి లాక్కుని, "అమ్మా! పెద్దమ్మా!" అంటూ చేతులు చాచి వెతికారు. పట్వారీ వెళ్లి గడ్డివాములోకి దూరాడు. శిస్తు వసూళ్లు చూసే మాలిపటేలు ఒక చెట్టును పట్టుకుని క్షమించమని వేడుకున్నాడు. బావుల దగ్గర మాత్రం అందరూ కండువాలు కొంచెం పైకెత్తి, లోపలికి భయంభయంగా చూశారు.

సరిగ్గా ఆ సమయంలో సాహెబ్ గుర్రం ఊళ్లోకి వచ్చింది. ముఖాలు కప్పుకుని తడుముకుంటూ తిరుగుతున్న మనుషులను చూసి ఇది ఏదైనా జాతరేమో అనుకున్నాడాయన. నడివయసు మనిషి, మెత్తటి గొంతు.

"పటేల్ సాబ్, నా మల్కా ఏది? మంచిగున్నదా?"

పటేలు గుర్రం కాళ్ల దగ్గర పడ్డాడు. "హుజూర్, మాఫ్ చెయ్యాలె! తమ అమ్మగారు పొద్దుగాల కిటికీలకెళ్లి దుంకిన్రు!"

"మా అమ్మనా? ఆమె హైద్రాబాద్‌ల ఉన్నది. నిన్ననే ఆమె ఖత్ అందింది."

పట్వారీ గడ్డి దులుపుకుంటూ వచ్చి కాగితం చూపించాడు. "ఇండ్ల బీబీ అని ఉన్నది గదా హుజూర్."

సాహెబ్ చదివాడు. ఇంకోసారి చదివాడు. "బీబీ కాదయ్యా, బిల్లీ! పిల్లి! నా ఇరానీ పిల్లి! గీడ ‘ల’ అనే లామ్ అక్షరం కనవడలేదా?"

"లామ్ జర పొట్టిగున్నది హుజూర్," అన్నాడు పట్వారీ దీనంగా.

ఎవరూ నవ్వలేదు. నవ్వు ఊరి పొలిమేర దాకా వచ్చి, పటేలు ముఖం చూసి ఆగిపోయింది. పటేలు మెల్లగా సైదమ్మవైపు తిరిగాడు. "నీకు మొదటి దినంనుంచీ ఎర్కేనా?"

సైదమ్మ తల దించుకునే జవాబు చెప్పింది. మాట మాత్రం వణకలేదు. "మొదటి దినమే జెప్పిన దొరా. పిల్లి అంటే నువ్వు పిల్ల అన్నవు. మల్ల జెప్పబోతే నాల్క కోస్తనన్నవు."

పటేలు ఏమనేవాడో కానీ, వాడ వైపు నుంచి కురుమయ్య నడుము దాకా బురదతో పరుగెత్తుకుంటూ వచ్చాడు. "నీళ్లు పడ్డయి! ఊట బుసబుస వస్తాంది! ఇగ ఆ తెల్లది అక్కడ కూసున్నది, ఎంత అదిలిచ్చినా లేస్తలేదు!"

అందరూ పరుగెత్తారు. బావి ఒడ్డున అప్పుడే తోడి పోసిన తడి ఇసుక కుప్పగా ఉంది. రోహిణి ఎండలో ఊరు మొత్తానికి చల్లగా ఉన్నది అదొక్కటే జాగా. ఆ కుప్ప నడిమధ్య బీబీగారు నాలుగు కాళ్లూ చాపుకుని, పొట్ట ఇసుకకు ఆనించి, కళ్లు అరమోడ్చి కూర్చుని ఉంది. పాలమీగడ రంగు ఒళ్లంతా మట్టి. సాహెబ్ "మల్కా!" అంటూ వంగి, తెల్ల షేర్వానీ పాడవుతుందన్న ధ్యాస కూడా లేకుండా దాన్ని ఎత్తుకున్నాడు. దాని కళ్లలో కూడా సంతోషం కనిపించింది. కొంచెం బరువు కూడా పెరిగింది.

"ఎవరు సాకిన్రు దీన్ని?"

ఎవరో సైదమ్మను ముందుకు తోశారు.

"పాలు ఎవరి బర్రెవి?"

"నాయే హుజూర్. బందెలదొడ్డిల ఉండె. పటేలు దొర ఇడిపించిండు."

"ఖాయంగనే ఇడిపించిండా?" సాహెబ్ పటేలు వైపు చూశాడు. ఆయన చేతిలో పిల్లి కూడా అటే చూసింది.

"ఖాయంగనే హుజూర్," అన్నాడు పటేలు.

"మరి ఈ బావి?"

పటేలుకు రెండు దారులు కనిపించాయి. ఒక పిల్లికి భయపడి తవ్వించానని పది ఊళ్లలో నవ్వులపాలు కావడం ఒకటి. ఆయన రెండో దారి పట్టుకున్నాడు. "వాడోళ్లకు నీళ్లకు తక్లీబ్ ఉన్నదని నేనే తవ్విస్తున్న హుజూర్. నా జీతగాళ్లే, నా మోకులే."

"బహుత్ ఖూబ్!" సాహెబ్ ముఖం వెలిగింది. కొత్త కొలువులో ఆయన చూసిన మొదటి మంచి పటేలు ఇతనే. "పట్వారీ, రాయి. పటేలు రుక్మారెడ్డి వాడోళ్లకు బావి తవ్వించి జాగాతో సహా ఇచ్చేసిండు. ఇప్పటినుంచి ఇది సర్కారీ దప్తర్ల ఉంటది. పటేలుతో దస్తఖత్ చేయించు."

పట్వారీ ఈసారి ప్రతి అక్షరం లావుగా, నిటారుగా రాశాడు. పటేలు సంతకం చేశాడు. సాహెబ్ మొహరు కొట్టాడు. కురుమయ్యకు ఒక్క అక్షరం రాదు. అయినా ఆ మొహరు సిరా ఆరేదాకా అక్కడి నుంచి కదల్లేదు. సైదమ్మ మాత్రం కాగితం చూడలేదు. బావి అంచున మోకాళ్ల మీద కూర్చుని, అడుగున మెరుస్తున్న నీళ్లను చూస్తూ ఉంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. అవి మళ్లీ తడిశాయి.

మర్నాడు బీబీగారి బండి కదిలేటప్పుడు సైదమ్మ గంపలో దిండు సర్దింది. పిల్లి ఆమె చేతిని ఒకసారి నాకి, ఎప్పటిలాగే నిద్రపోయింది. సాహెబ్ సైదమ్మకు ఒక చీర ఇచ్చి పోయాడు. ఈ మాటే సైదమ్మ వాడలో చెప్పినప్పుడు, సాహెబ్ పిల్లిని ఇచ్చిపోలేదేమని పిల్లలు ఏడ్చారు.

పటేలు మాత్రం ఆ నెలంతా వాడ వైపు రాలేదు. అయితే ఆ వేసవిలో ఆయన పెరటి బావి నీళ్లు ఉప్పగా మారాయి. పొయ్యి మీద కందిపప్పు ఎంతసేపు ఉన్నా రాళ్లలా గట్టిగానే ఉంది. వాడ బావి నీళ్లు మాత్రం కొబ్బరినీళ్లలా ఉన్నాయని ఊరంతా అంటున్నారు. మూడు రోజులు ఓర్చుకుని నాలుగో రోజు అమృతమ్మ పెరటి దర్వాజా తీసి, గొంతు తగ్గించి సైదమ్మను పిలిచింది.

"ఒక కడవెడు తెచ్చిపెడ్తవా అక్కా?"

పటేలింటి గడప దగ్గర అక్కా అన్న పిలుపు సైదమ్మ పుట్టాక అదే మొదటిసారి వినడం. ఆమె కడవ నిండా నీళ్లు తెచ్చి పోసింది. ఆ రోజు అన్నం తింటూ పటేలు అది ఏ బావి నీళ్లని అడగలేదు, అమృతమ్మ చెప్పలేదు. పప్పు మాత్రం మెత్తగా ఉడికింది.